తొమ్మిదో మెషీన్

వాల్పరైసోలో కొండలు నలభై రెండంటారు.
లెక్కపెట్టినవాళ్లెవరూ ఆ అంకె మీద గట్టిగా నిలబడరు.
అందులో మూడు, మొన్న గాలి తిరగబడ్డ మధ్యాహ్నం,
ఇంటికప్పుల రేకులతో సహా కాలిపోయాయి.

రాయెన్ వెనులెయో మున్సిపాలిటీ నేలమాళిగలో
స్కూలు ల్యాబుల నుంచి మోసుకొచ్చిన తొమ్మిది కంప్యూటర్లని
ఉల్లిపాయల పెట్టెల మీద వరసగా నిలబెట్టింది.
ఎనిమిది ఒక ఈడువి.
తొమ్మిదోది ముసలిది. ఫ్యాను తిరిగితే
ఆయాసమున్న మనిషెవరో మెట్లెక్కుతున్నట్టుంటుంది.

బడుల్లోంచి, చర్చిల్లోంచి, ఆసుపత్రి గోడల మీంచి
జాబితాలు వస్తూనే ఉన్నాయి.
వెతికేవాళ్లు రాసినవి.
దొరికినవాళ్లు రాయించుకున్నవి.
తడిసినవి, మసి వేళ్ల గుర్తులున్నవి.
ఒకే మనిషి నాలుగు చోట్ల
నాలుగు రకాల అక్షరాలతో తప్పిపోయి ఉంటాడు.

ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు.
రాసినవాళ్లు ఉద్యోగాలు మారారు,
ఒకాయన తేనెటీగలు పెంచుకుంటున్నాడట.
ఆఖరి మరమ్మతు నాలుగేళ్ల కిందట,
ఉలాన్‌బాతర్ నుంచి, నొమిన్ అనే ఆవిడది.
కోడ్ మధ్యలో ఒక మాట రాసిపెట్టి వెళ్లింది:
"ఇక్కడ కనెక్షన్ మూయడం మరవకండి.
నేను మరిచి మూడు రాత్రులు పోగొట్టుకున్నాను."
రాయెన్ చదివి, మూసింది.
ముఖం తెలియని మనిషికి మూడు రాత్రులు బాకీ.

పద్ధతి చెప్పుకుంటే చాలా చిన్నది.
ప్రతి పేరూ ఒక చుక్క.
ఒకే ఫోను, ఒకే వీధి, ఒకే తల్లి పేరు ఉంటే
రెండు చుక్కల మధ్య ఒక గీత.
చుక్కకి ఊరు తెలియదు, ఇరుగుపొరుగే తెలుసు.
మొదట్లో తన అంకే అందరికన్నా చిన్నదనుకుంటుంది.
(మనుషులు పెద్దదనుకుంటారు, అంతే తేడా.)
ఇంకా చిన్నది చెవిన పడితే
తనది వదిలేసి దాన్నే తీసుకుంటుంది,
పక్కవాళ్ల చెవిన వేస్తుంది.
చెప్పడానికేం లేకపోతే కునుకు తీస్తుంది.
ఎవరైనా కదిపితే మళ్లీ లేస్తుంది.

కట్టుబాటు ఒక్కటే:
అందరూ ఒక విడత ముగించేదాకా
ఎవరూ రెండోది మొదలుపెట్టకూడదు.

అందుకని ఎనిమిది మెషీన్లూ పని కానిచ్చి
తొమ్మిదోదాని కోసం ఆగుతాయి.
విడత విడతకీ.

"పీకేద్దాం దాన్ని," అన్నాడు ఎర్మినియో, కరెంటు చూసే అతను.
"దీనివల్లే మిగతావన్నీ చేతులు కట్టుకు కూర్చుంటున్నాయి."
"దాని దగ్గర ఇరవై వేల మంది ఉన్నారు," అంది రాయెన్.
అతను ప్లగ్గు వదిలేసి
ఆ ముసలిదాని పక్కకి టేబుల్ ఫ్యాను జరిపాడు.

పదకొండో విడతలో
నెలిదా, ఒదిలియా ఒక అంకె కిందికి వచ్చారు.
అక్క చెల్లెల్ని వెతుకుతోంది, చెల్లెలు అక్కని,
మధ్యలో ఒక లోయ,
ఎవరో బొట్టు బొట్టుగా తప్పు రాసిన ఇంటిపేరు.
ఫోను కలిపితే ఏడుపు వినిపిస్తుందనుకుంది రాయెన్.
తిట్లొచ్చాయి:
"ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే?"
స్పీకర్ ఆపకుండా అలాగే ఉంచింది.

తెల్లవారుజామున ముప్ఫై నాలుగో విడత.
ఏ చుక్కకీ చెప్పాల్సిందేం మిగల్లేదు.
దారిలో ఒక్క ఉత్తరమూ లేదు.
అన్నీ నిద్రపోయాయి. ప్రోగ్రామ్ ఆగింది.

తొమ్మిదో మెషీన్ అడుగున ఒక వరస:
కుస్తోదియో పైనెమాల్, డెబ్బై ఒకటి.
"బతికే ఉన్నాను" అని తనే రాయించుకున్నాడు,
ఎవరికి చెప్పాలో రాయించలేదు.
ఒక్క గీతా లేదు. తన అంకె తన దగ్గరే ఉంది.
లెక్క ప్రకారం ఇది తప్పేం కాదు,
ఒంటరి చుక్క కూడా ఒక గుంపే.
నొమిన్ కూడా దీనికి మరమ్మతేమీ రాయలేదు.

రాయెన్ కాగితం మడిచి మెట్లెక్కింది.
మూడొందల పైచిలుకు. మధ్యలో రెండుసార్లు ఆగింది.

బడి వరండాలో ఆయన బూట్ల మసి తుడుచుకుంటున్నాడు,
రెండు బూట్లూ ఒకే జతవి కావు.
"నన్నెవరైనా అడిగారా?"

కాగితం వైపు చూసింది. అబద్ధం నోటికి రాలేదు.
"రాత్రి ముప్ఫై నాలుగు సార్లు," అంది,
"మీ వరస పూర్తయ్యేదాకా
ఎనిమిది మంది కదలకుండా ఆగారు."

"ఎవరు వాళ్లు?"

చెప్పాలంటే చాలా సేపు పడుతుంది.
ఆయన బెంచీ మీద కాస్త జరిగాడు.